విల్లు సీజన్‌లో క్రాస్‌బో: అమెరికా జింకల వేటలో తెగని తగవు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో తెల్లతోక జింక వేటకు ఏటా వేర్వేరు గడువులు ఉంటాయి. విల్లంబులకు ఒకటి, తుపాకులకు ఒకటి, చాలాచోట్ల మూతి నుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకులకు ఇంకొకటి. విల్లంబులకు కేటాయించిన గడువును ఆర్చరీ సీజన్ అంటారు. ఆ సీజన్‌లో చేత్తో లాగి పట్టే విల్లుతో పాటు, ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే క్రాస్‌బోను కూడా అనుమతించాలా అన్న ప్రశ్న దాదాపు యాభై ఏళ్లుగా అక్కడి వేటగాళ్లను, శాసనసభలను, వన్యప్రాణి శాఖలను రెండు వర్గాలుగా చీల్చింది. ఇప్పటికి ఎక్కువ రాష్ట్రాలు అనుమతించాయి. కొన్ని ససేమిరా అంటున్నాయి. మరికొన్ని వృద్ధులకూ వికలాంగులకూ మాత్రమే వెసులుబాటు ఇచ్చాయి.

వినడానికి ఇది ఆయుధం గురించిన తగవు. అసలు తగవు పంపకం గురించి. జింకలు ఇన్నే, రోజులు ఇన్నే, అందులో ఎవరి వాటా ఎంత? ఈ కోణం వదిలేస్తే రెండు పక్షాల వాదనలూ సగమే అర్థమవుతాయి. అందుకే ముందు ఈ సీజన్లు ఎలా పుట్టాయో చూడాలి.

సీజన్లు ఎందుకు వచ్చాయి

19వ శతాబ్దంలో అమెరికాలో జింక మాంసం, తోలు బజారు సరుకు. ఏడాది పొడవునా దొరికినన్ని కొట్టి రైళ్లలో పట్నాలకు పంపేవారు. 1900 నాటికి దేశం మొత్తం మీద తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి మిగల్లేదని అంచనా. ఆ ఏడాది వచ్చిన లేసీ చట్టం, ఒక రాష్ట్రంలో అక్రమంగా కొట్టిన జంతువును మరో రాష్ట్రానికి తరలించడాన్ని ఫెడరల్ నేరం చేసింది. రాష్ట్రాలు కూడా గడువులు, పరిమితులు, లైసెన్సులు పెట్టాయి. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి వేటను పూర్తిగా ఆపేశాయి. ఇవాళ ఆ జింకల సంఖ్య మూడు కోట్ల దరిదాపుల్లో ఉంటుందని లెక్క కడుతున్నారు. ఒక పెద్ద జంతువును అంచు నుంచి ఇంత దూరం వెనక్కి తెచ్చిన ఉదాహరణలు ప్రపంచంలో ఎక్కువ లేవు.

అక్కడి న్యాయసూత్రం ప్రకారం అడవి జంతువు ఎవరి పొలంలో తిరిగినా ఆ భూస్వామి సొత్తు కాదు. ప్రజలందరి తరఫున రాష్ట్రం దాన్ని కాపాడుతుంది. అందుకే వేట నియమాలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి. కాపాడటానికి డబ్బు కావాలి కదా. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వచ్చే పన్నును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు మళ్లించింది. 1970ల్లో విల్లు సామగ్రి కూడా దాని కిందికి వచ్చింది. విల్లు మీదా క్రాస్‌బో మీదా 11 శాతం పన్ను ఉంటుంది. దీనికి లైసెన్సు రుసుములు తోడవుతాయి. వేటగాళ్లు తగ్గితే ఆ శాఖల ఆదాయం కూడా తగ్గుతుంది. క్రాస్‌బో మీద ఏ రాష్ట్రంలో చర్చ జరిగినా ఈ లెక్క ఎవరో ఒకరి మనసులో ఉంటుంది.

తుపాకులు రాజ్యమేలుతున్న దేశంలో విల్లువేట తిరిగి ప్రాణం పోసుకోవడం వెనుక ఒక ఆదివాసీ ఉన్నాడు. యాహీ తెగలో చివరివాడిగా మిగిలిన ఇషీ 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర ఊళ్లోకి వచ్చాడు. తన వాళ్లందరినీ పోగొట్టుకున్న మనిషి అతను. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతనికి వైద్యం చేసిన డాక్టర్ సాక్స్‌టన్ పోప్ విల్లు చెక్కడం, బాణం కట్టడం, జింక కోసం మాటు వేయడం అతని దగ్గరే నేర్చుకున్నాడు. ఇషీ 1916లో క్షయతో చనిపోయాడు. పోప్ తన మిత్రుడు ఆర్థర్ యంగ్‌తో కలిసి ఆ విద్యను కొనసాగించి 1923లో పుస్తకం రాశాడు. తర్వాతి తరం విల్లుకారులకు అదే మొదటి పాఠం. ఈ ఇద్దరి పేరుతో 1961లో ఏర్పడిన పోప్ అండ్ యంగ్ క్లబ్, క్రాస్‌బోను విల్లుగా ఒప్పుకోని పక్షానికి నేటికీ పెద్ద దిక్కు.

విస్కాన్సిన్ రాష్ట్రం 1934లో సాక్, కొలంబియా అనే రెండు కౌంటీల్లో విల్లుకు మాత్రమే పరిమితమైన జింకల సీజన్ తెరిచింది. ఆధునిక కాలంలో ఇదే మొదటిదని చెబుతారు. పర్యావరణ రచయిత ఆల్డో లియోపోల్డ్ కూడా ఆ రాష్ట్రపు విల్లువేటగాళ్లలో ఒకడు. మూడేళ్లకు మిచిగన్ అదే బాట పట్టింది. విల్లు సీజన్ ఇవ్వడానికి అధికారులకు పెద్దగా ఇబ్బంది కలగలేదు. విల్లు చేతపట్టినవాడు జింకకు ఇరవై ముప్పై గజాల దగ్గరికి చేరాలి. అక్కడ వాసన, చప్పుడు, కదలిక ఏదీ పొక్కకుండా విల్లు లాగాలి. చాలామంది ఉత్త చేతులతో ఇంటికి పోతారు. మందకు జరిగే నష్టం స్వల్పం కాబట్టి, ఎన్ని రోజులు ఇచ్చినా ఫరవాలేదు.

నేటి సీజన్ల నిడివి అక్కడి నుంచే వచ్చింది. విస్కాన్సిన్‌లో ప్రధాన తుపాకీ సీజన్ నవంబర్‌లో తొమ్మిది రోజులు. విల్లు సీజన్ సెప్టెంబర్ నడిమి నుంచి కొత్త సంవత్సరం దాకా నడుస్తుంది. ఒహాయోలో సెప్టెంబర్ ఆఖరున మొదలై ఫిబ్రవరి దాకా సాగుతుంది. రోజుల సంఖ్య కంటే విలువైనది ఇంకొకటి ఉంది. నవంబర్ మొదటి పక్షంలో తెల్లతోక జింకలు ఎదకు వస్తాయి. ఎప్పుడూ చీకట్లోనే తిరిగే ముదురు మగజింక ఆ రోజుల్లో ఒళ్లు మరచి పట్టపగలే ఆడజింక వెంట పడుతుంది. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఆ రోజుల్లో చాలా భాగం విల్లుకారుల వాటాకే వస్తుంది. తమ ఆయుధం బలహీనమైంది కాబట్టి వారికి దక్కిన హక్కు అది.

క్రాస్‌బో చేసే పని

క్రాస్‌బో అంటే తుపాకీ స్టాక్‌లాంటి కొయ్య మీద అడ్డంగా బిగించిన విల్లు. నారిని వెనక్కి లాగి కొక్కేనికి తగిలిస్తే అది అక్కడే ఉండిపోతుంది. ముందున్న గాడిలో బోల్ట్ అనే పొట్టి బాణం పెట్టి, భుజానికి ఆనించి, గురి చూసి, ట్రిగ్గర్ నొక్కడమే. పైన దుర్భిణి బిగించుకోవచ్చు. ముందుభాగాన్ని కొమ్మ మీదో మంచె కమ్మీ మీదో ఆనించుకోవచ్చు.

చేతివిల్లుతో వేటాడేవారు సాధారణంగా 40 నుంచి 70 పౌండ్ల బరువును లాగుతారు. క్రాస్‌బోలో ఆ బరువు 150 నుంచి 200 పౌండ్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ఇంత తేడా చూసి క్రాస్‌బో శక్తి మూడింతలనుకుంటే పొరపాటు. బాణానికి చేరే శక్తి లాగే బలం మీద ఎంత ఆధారపడుతుందో, ఆ బలం బాణాన్ని ఎంత దూరం నెడుతుందన్న దాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. చేతివిల్లు నారి ఇరవై అంగుళాలకు పైగా ప్రయాణిస్తే, క్రాస్‌బో నారి పది నుంచి పదిహేను అంగుళాలతో ఆగిపోతుంది. పైగా బోల్ట్ పొట్టిది. ఈ కారణాల వల్ల పాతతరం క్రాస్‌బోలు మంచి చేతివిల్లు కంటే పెద్దగా మెరుగు కాదు. 1980లలో క్రాస్‌బో పక్షం చెప్పిన ఆ మాట అప్పటికి నిజమే.

తర్వాత పరిస్థితి మారింది. ఇవాళ చేతివిల్లు బాణం సెకనుకు 280 నుంచి 340 అడుగుల వేగంతో పోతుంటే, మామూలు వేట క్రాస్‌బో 350 నుంచి 400 అడుగులు దాటుతోంది. 500 అడుగుల మోడళ్లు కూడా బజారులో ఉన్నాయి. 400 గ్రెయిన్ల బాణం సెకనుకు 290 అడుగుల వేగంతో వెళ్తే దాని శక్తి దాదాపు 75 అడుగు-పౌండ్లు. అదే బరువు 400 అడుగుల వేగంతో వెళ్తే దాదాపు 142. చేతివిల్లుకు 40 గజాలు దాటిన గురి చాలామందికి అత్యాశే అవుతుంది. క్రాస్‌బోతో సాధన ఉన్నవాడు 50, 60 గజాల దాకా ధైర్యం చేస్తున్నాడు. అంతకు మించి మాత్రం పోకూడదు. బోల్ట్ ఎంత వేగంగా వెళ్లినా శబ్దం దానికంటే రెండు మూడింతల వేగంతో ముందే చేరుతుంది. ఆ చప్పుడుకు బెదిరిన జింక గెంతడానికి ఒళ్లు కుంగదీస్తుంది. బోల్ట్ చేరేసరికి గుండె ఉండాల్సిన చోట వీపు ఉంటుంది. క్రాస్‌బో చప్పుడు చేతివిల్లు కంటే గట్టిది కూడా. వేగం పెరిగినంత మాత్రాన అది తుపాకీ అయిపోదు.

అయినా నా లెక్కలో అసలు తేడా వేగంలో లేదు. విల్లు లాగి పట్టుకోవలసిన ఆ కొన్ని క్షణాల్లో ఉంది. జింక పది గజాల్లోకి వచ్చాక, అది తల తిప్పి చూస్తుండగా చెయ్యి కదపడం విల్లువేటలో అన్నిటికంటే కష్టమైన పని. తొందరగా లాగితే భుజం వణుకుతుంది, ఆలస్యం చేస్తే జింక దాటిపోతుంది. ఎక్కువమంది అవకాశం కోల్పోయేది అక్కడే. క్రాస్‌బో ఆ క్షణాన్ని పూర్తిగా తీసేస్తుంది. నారి తెల్లవారుజామునే తగిలించి ఉంటుంది, మిగిలింది వేలి కదలిక. చేతివిల్లు మీద గురి కుదరడానికి నెలల సాధన కావాలి. తుపాకీ అలవాటున్నవాడికి క్రాస్‌బో మీద ఒక సాయంత్రంలో గురి కుదురుతుంది. బదులుగా క్రాస్‌బోకు ఉన్న లోపాలు రెండు. బరువు ఎక్కువ, చెట్ల మధ్య మోసుకు తిరగడం కష్టం. గురి తప్పితే మళ్లీ నారి ఎక్కించడానికి తాడో గిలకో తీయాలి, ఆలోగా జింక మరో ఊరి పొలిమేరలో ఉంటుంది.

కాంపౌండ్ విల్లు తెచ్చిన చిక్కు

సంప్రదాయం పేరు చెప్పి క్రాస్‌బోను అడ్డుకునేవారికి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఇవాళ ఆర్చరీ సీజన్‌లో అత్యధికులు పట్టుకునేది ఇషీ చెక్కిన కట్టెవిల్లు కాదు, కాంపౌండ్ విల్లు. మిస్సౌరీకి చెందిన హాలెస్ విల్బర్ అలెన్ విల్లు కొమ్ముల చివర గిలకలు బిగించి, 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1969లో పొందాడు. ఆ గిలకల వల్ల విల్లు పూర్తిగా లాగిన తర్వాత చేతి మీద బరువు సగానికి, నేటి మోడళ్లలో ఐదో వంతుకూ అంతకంటే తక్కువకూ పడిపోతుంది. 70 పౌండ్ల విల్లును పదిహేను పౌండ్లలోపు బలంతో పట్టుకు నిలబడొచ్చు. దీనికి తోడు నారిని వేళ్లతో కాకుండా మణికట్టుకు కట్టిన చిన్న ట్రిగ్గర్‌తో వదులుతారు.

కాంపౌండ్ విల్లు వచ్చిన కొత్తలో ఇది విల్లు కాదని, యంత్రమని, విల్లువేట సర్వనాశనమవుతుందని అచ్చం నేటి మాటలే వినిపించాయి. పోప్ అండ్ యంగ్ క్లబ్ కూడా చేతి బరువు ఎంత శాతం తగ్గొచ్చన్న దాని మీద ఏళ్ల తరబడి పరిమితులు పెట్టింది, సడలించింది. చివరికి కాంపౌండ్ విల్లే విల్లువేటను లక్షల మందికి చేర్చింది. అందువల్ల క్రాస్‌బోను సంప్రదాయం పేరుతో కాదనే హక్కు కాంపౌండ్ విల్లు పట్టినవారికి తక్కువే. అయితే ఒక గీత మాత్రం వాళ్లు నిజాయితీగానే గీస్తున్నారు. కాంపౌండ్ విల్లులో కూడా వేటగాడు తన కండబలంతో, జింక కళ్లెదుట నారి లాగాలి, బాణం వదిలేదాకా పట్టుకోవాలి. క్లబ్ రికార్డు పుస్తకంలో క్రాస్‌బోతో పడగొట్టిన జంతువుకు చోటు లేనిది ఈ కారణంతోనే.

రాష్ట్రాలు ఒక్కొక్కటిగా

ఆర్కన్సా 1973 నుంచే క్రాస్‌బోను అనుమతించింది. ఒహాయో 1976లో పరిమితంగా మొదలుపెట్టి, 1982 నాటికి విల్లు సీజన్‌తో సమానం చేసింది. కొన్నేళ్లకే అక్కడ క్రాస్‌బో పట్టేవారి సంఖ్య చేతివిల్లు పట్టేవారిని మించింది. ఆ రాష్ట్రంలోని మొగడోర్‌లో పెద్ద క్రాస్‌బో కర్మాగారం కూడా వెలిసింది. మిగతా రాష్ట్రాలు చాలాకాలం కదల్లేదు. భుజం పనిచేయనివారికి డాక్టర్ సర్టిఫికెట్ మీద పర్మిట్ ఇవ్వడంతో సరిపెట్టాయి.

2000ల తర్వాత గేట్లు తెరుచుకున్నాయి. జార్జియా 2002లో, వర్జీనియా 2005లో, పెన్సిల్వేనియా, టెక్సస్, న్యూజెర్సీ 2009లో అనుమతించాయి. మిచిగన్ 2009లో దక్షిణ ప్రాంతంలో అందరికీ, మిగతా చోట్ల 50 ఏళ్లు దాటినవారికి ఇచ్చి, తర్వాత విస్తరించింది. ఇల్లినాయ్‌లో 2017 దాకా ఆగాల్సి వచ్చింది. న్యూయార్క్ శాసనసభ 2014లో దక్షిణ మండలంలో సీజన్ చివరి రెండు వారాలకే ఒప్పుకుంది. 2023లో మిన్నెసోటా అందరికీ తలుపు తెరిచింది, దానికీ గడువు తేదీ పెట్టింది.

ఇంత కొద్దికాలంలో ఇన్ని రాష్ట్రాలు మారడానికి ముఖ్య కారణం వయసు. రెండో ప్రపంచ యుద్ధానంతరం పుట్టిన తరమే అమెరికా వేటకు వెన్నెముక. ఆ తరం 60లు దాటేసరికి భుజాలు, మోచేతులు మొరాయించాయి. వాళ్ల తర్వాత అంతమంది కొత్తవారు రాలేదు. దేశంలో 1982లో వేటగాళ్లు కోటీ 70 లక్షల వరకు ఉండగా, 2016 నాటి కేంద్ర సర్వేలో కోటీ 15 లక్షలకు తగ్గారు. మరోవైపు జింకలు ఎక్కువైపోయాయి. ముసలివాళ్లను ఇంకో పదేళ్లు అడవిలో ఉంచగలిగేది, చిన్నపిల్లలకూ కొత్తగా వచ్చే ఆడవాళ్లకూ దారి సుగమం చేసేది ఏదైనా వన్యప్రాణి శాఖలకు ముద్దే.

విస్కాన్సిన్ చేసిన ఒక పని ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికంటే మెచ్చుకోదగ్గదిగా తోస్తుంది. అంతవరకు 65 దాటినవారికీ వికలాంగులకూ ఉన్న అవకాశాన్ని 2014 సీజన్ నుంచి అందరికీ ఇస్తూ, క్రాస్‌బోకు విడిగా లైసెన్సు పెట్టింది. సీజన్ ఒకటే, లైసెన్సు మాత్రం వేరు. దానివల్ల ఏ ఏడాది క్రాస్‌బోతో ఎన్ని జింకలు పడ్డాయి, చేతివిల్లుతో ఎన్ని పడ్డాయి అన్న లెక్క విడివిడిగా ఉంది. కొద్ది ఏళ్లలోనే క్రాస్‌బో లెక్క చేతివిల్లు లెక్కను దాటింది. రెండింటి మొత్తం మాత్రం జనం భయపడినంతగా పేలిపోలేదు. క్రాస్‌బో పట్టినవారిలో చాలామంది అప్పటిదాకా చేతివిల్లు పట్టినవారే. ఆ రాష్ట్రంలో ఏటా వసంతంలో 72 కౌంటీల్లోనూ వేట, చేపల నియమాల మీద ప్రజాభిప్రాయం తీసుకుంటారు. క్రాస్‌బో సీజన్‌ను కుదించాలా అన్న ప్రశ్న అక్కడికీ వచ్చింది. అంకెలు అందరి ముందూ ఉన్నాయి కాబట్టి అక్కడ వాదన ఊహాగానంగా మిగల్లేదు.

వద్దనేవారి మాట

విల్లు సీజన్ బలహీనతకు ప్రతిఫలం అన్న ఒప్పందం మీద నిలబడిందని ముందే చూశాం. సగటు వేటగాడికి గెలుపు అవకాశం పెరిగితే ఆ ఒప్పందాన్ని ఎవరైనా తిరగదోడవచ్చు. తుపాకీ వేటగాళ్లలో ఇప్పటికే ఒక మాట ఉంది: క్రాస్‌బోవాళ్లు ఎద రోజుల్లో మంచి మగజింకలను ముందే ఏరుకుంటుంటే మా తొమ్మిది రోజుల్లో ఏం మిగులుతుంది? ఈ ఒత్తిడితో రేపు సీజన్ కుదిస్తే, ఏ తప్పూ చేయని చేతివిల్లు వేటగాడు కూడా నష్టపోతాడు. వ్యతిరేకుల భయాల్లో ఇది అన్నిటికంటే బలమైనది. దీన్ని స్వార్థమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

గాయపడి తప్పించుకునే జింకల సంగతి మరింత బాధాకరమైనది. బాణం తగిలి దొరకని జింక ఎక్కడో పొదల్లో పడి చస్తుంది, లేదా కుంటుతూ బతుకుతుంది. మేరీలాండ్‌లోని ఇండియన్ హెడ్ నౌకాదళ స్థావరంలో 1989 నుంచి 2006 దాకా సాగిన నియంత్రిత వేటను పరిశీలిస్తే, బాణం తగిలిన జింకల్లో సుమారు 18 శాతం దొరకలేదు. అక్కడ చేతివిల్లులూ క్రాస్‌బోలూ రెండూ వాడారు. అక్కడి వేటగాళ్లు పరీక్ష నెగ్గినవారు. గురి సాధన లేనివారి చేతుల్లో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. క్రాస్‌బో గురి సులువు కాబట్టి గాయాలు తగ్గుతాయని ఒక పక్షం, ఆ సులువును నమ్ముకుని సాధన లేకుండా దూరపు గురి ఎత్తేవారు పెరుగుతారని మరో పక్షం అంటాయి. రెండింటిలోనూ నిజముంది. ఇక్కడ తప్పు ఆయుధానిది తక్కువ, ఆశకు గీత గీసుకోలేని వేటగాడిది ఎక్కువ. అందుకే క్రాస్‌బో లైసెన్సుకు కూడా గురి పరీక్ష, బాణం తగిలిన జింక జాడ పట్టే శిక్షణ తప్పనిసరి చేయాలని నేను గట్టిగా నమ్ముతాను. తుపాకీ శిక్షణ సర్టిఫికెట్ ఒక్కటే అందుకు చాలదు.

దొంగవేట గురించిన ఆందోళన అంత బరువైనది కాదు. చప్పుడు తక్కువ, నారి ఎక్కించి ఉంచొచ్చు కాబట్టి రాత్రిపూట కారు కిటికీలోంచి కొట్టేస్తారని భయం. అందుకే వాహనంలో నారి ఎక్కించి ఉన్న క్రాస్‌బోను రాష్ట్రాలు నిషేధిస్తాయి. చట్టం లెక్కచేయనివాడికి చిన్న తుపాకీ ఎప్పుడూ అందుబాటులోనే ఉంది, వాడు క్రాస్‌బో సీజన్ కోసం ఆగడు.

ఐరోపా చరిత్రను కూడా కొందరు వాదనలోకి లాగుతారు. 1139లో రెండో లాటరన్ మహాసభ క్రైస్తవుల మీద క్రాస్‌బో ప్రయోగాన్ని నిషేధించిందని చెబుతారు. అదే నిబంధన విలుకాండ్రను కూడా కలిపి నిషేధించిన సంగతి చెప్పరు. ఇంగ్లండులో 1541 నాటి ఎనిమిదో హెన్రీ చట్టం ఏటా వంద పౌండ్ల రాబడి లేనివాడు క్రాస్‌బో పట్టకూడదంది. నాటు విల్లు సాధన సన్నగిల్లుతుందన్న దిగులు ఆ రాజుకీ ఉంది, కానీ ఆయన లెక్క యుద్ధానిది. నేటి బ్రిటన్‌లో 1981 చట్టం అడవి జంతువులను చంపడానికి విల్లునూ క్రాస్‌బోనూ రెండింటినీ నిషేధించింది. అమెరికా వేటగాళ్లు ఈ ఉదాహరణను మరింత శ్రద్ధగా చూడాలి. గాయపడే జింకల సంఖ్యను తగ్గించలేకపోతే, రెండు పక్షాల చేతుల్లోంచీ ఆయుధం పోవచ్చు.

ఇళ్ల మధ్య జింకలు

ఈ వివాదం తెలుగువారి గడప దాకా వచ్చేది అమెరికా శివారు కాలనీల్లో. న్యూజెర్సీలోనో ఉత్తర వర్జీనియాలోనో నార్త్ కరోలినాలోనో ఇల్లు కొనుక్కున్న కుటుంబం, పెరట్లో వేసిన బచ్చలి, చిక్కుడు తెల్లవారేసరికి మోడుగా మిగలడం చూసే ఉంటుంది. అక్కడి జింకలకు తోడేలు లేదు, పులి లేదు, ఇళ్ల మధ్య తుపాకీ పేల్చడానికి చట్టం ఒప్పుకోదు. దేశవ్యాప్తంగా ఏటా పది లక్షలకు పైగా వాహనాలు జంతువులను ఢీకొంటాయని బీమా కంపెనీల అంచనా, వాటిలో అత్యధికం జింకలే. లైమ్ వ్యాధిని మోసే పిడుదులు పెద్దయ్యాక రక్తం తాగేది ముఖ్యంగా జింకల మీదే. ఇలాంటి చోట్ల స్థానిక ప్రభుత్వాలే పార్కుల్లో ఎంపిక చేసిన వేటగాళ్లతో జింకలను తగ్గిస్తున్నాయి. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ కార్యక్రమం అందులో ఒకటి, అక్కడ క్రాస్‌బోకూ అనుమతి ఉంది. పిల్లలు ఆడుకునే మైదానానికి దగ్గరలో, మంచె మీద నుంచి కిందికి, పాతిక గజాల్లోపు పడే గురికి క్రాస్‌బో కంటే పొందికైన ఆయుధం నాకు కనిపించదు. ఇక్కడ సంప్రదాయం పేరుతో దాన్ని కాదనడం మొండితనమే.

ఆసక్తితో వేట లైసెన్సు తీసుకునే తెలుగువారికి ఒక చట్టపు సంగతి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా తుపాకీ కలిగి ఉండకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం ఉన్న మినహాయింపుల్లో ఒకటి. విల్లు, క్రాస్‌బో ఆ చట్టం కింద తుపాకులు కావు, కానీ రాష్ట్ర నియమాలు వేరుగా ఉంటాయి. స్వదేశంలో ఈ ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధాల నిర్వచనంలో వలలు, ఉచ్చులు, విషంతో పాటు విల్లంబులను కూడా చేర్చింది. నల్లమలలో దుప్పిని దేనితో కొట్టినా నేరమే.

పడమటి రాష్ట్రాలు ఎందుకు ఒప్పుకోవు

ఒరెగాన్ వేటలో క్రాస్‌బోను పూర్తిగా నిషేధించింది. మోంటానా, ఐడహో తమ విల్లు సీజన్లలోకి దాన్ని రానివ్వవు, ఐడహోలో వికలాంగులకు మినహాయింపు ఉంది. కొలరాడో వికలాంగులను మినహాయించి తుపాకీ సీజన్‌కే పరిమితం చేసింది. తూర్పు రాష్ట్రాలతో పోల్చి వీళ్లను వెనుకబడినవారనడం సరికాదు. అక్కడ విల్లు సీజన్ అంటే ముఖ్యంగా ఎల్క్ అనే పెద్దజాతి జింక వేట. సెప్టెంబర్‌లో ఎదకు వచ్చిన మగ ఎల్క్ అరుపుకు బదులు అరిచి, దాన్ని దగ్గరికి రప్పించుకుని కొడతారు. ఎల్క్ మందలు తెల్లతోక జింకల్లా ఊరి పొలిమేరల్లో కిటకిటలాడవు. చాలా ప్రాంతాల్లో అనుమతి లాటరీ మీద దొరుకుతుంది, మంచి ప్రాంతాలకు ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. నేల విశాలం, బయలు ప్రదేశాలు ఎక్కువ, యాభై గజాలు దాటిన గురికి అవకాశమూ ఎక్కువే. అక్కడ గెలుపు శాతం కాస్త పెరిగినా శాఖ ఇచ్చే అనుమతుల సంఖ్య తగ్గించాలి. అంటే ఇప్పటికే వరుసలో నిలబడినవారు మరికొన్నేళ్లు నిలబడాలి. జింకలు పొంగిపొర్లుతున్న ఒహాయోకు సరిపోయిన నియమాన్ని అక్కడ రుద్దితే ఎవరికీ మేలు జరగదు.

తూర్పు రాష్ట్రాల్లో క్రాస్‌బోకు పూర్తి సీజన్ ఇవ్వడం సబబేనని నా అభిప్రాయం, రెండు షరతుల మీద: లెక్క విడిగా ఉండాలి, గురి పరీక్ష ఉండాలి. విల్లునూ క్రాస్‌బోనూ ఒకే ఖాతాలో వేసే రాష్ట్రాలకు మొదటి షరతు చాలా ముఖ్యం. రేపు అక్కడ మగజింకలు తగ్గితే కారణం క్రాస్‌బోనా, పొలాలు ఇళ్లయిపోవడమా, 1967లో కొలరాడోలో మొదట కనిపించి 2002లో విస్కాన్సిన్ చేరిన, జింకలకు సోకే క్షయింపు రోగమా అన్నది వేరుచేసి చెప్పడానికి ఆ శాఖల దగ్గర అంకె ఉండదు.